దగ్గరి సంత - ఇంటికి మేలు

ఇంటి ఖర్చులలో కూరగాయలకగు వ్యయము ఏ పూటకాపూట స్వల్పముగానే కనిపించును. బియ్యము, పప్పు, నూనె నెలకొకమారు కొని నిలువచేసికొందుము గనుక వాని వెల మనకు గుర్తుండును. కూర అట్టిది కాదు. పదియు, ఇరువదియు రూపాయలుగా నిత్యము చేతినుండి జారిపోవును. సంవత్సరాంతమున లెక్క చూచినచో ఆ మొత్తము తేలికైనది కాదు. కావున కూర ఎచట కొనవలెను, ఎవరివద్ద కొనవలెను అను విషయము గృహస్థులందరును ఆలోచింపదగినదే. పండించినవారి చేతినుండి నేరుగా, దగ్గరి సంతలోనో రైతు బజారులోనో కొనుటవలన కలుగు మేలేమి, ఆ మేలు ఎట్లు కలుగుచున్నది, దానికి హద్దులేమి అను సంగతులను మన ఉద్దానపు తీరమును ఉదాహరణముగా గైకొని ఇచట విచారింతము.

శ్రీకాకుళం జిల్లాకు ఉత్తరపు కొసన, ఒడిశా సరిహద్దునకు చేరువగా, ఇచ్ఛాపురం మండలమున సముద్రపుటొడ్డున డొంకూరు అను మత్స్యకార గ్రామము కలదు. అచటినుండి దక్షిణముగా కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలముల మీదుగా సాగు సీమకే ఉద్దానమని పేరు. ఉద్యానము అను మాటయే ఉద్దానముగా మారినదని పెద్దలు చెప్పుదురు. ఆ పేరు తగినదే. కొబ్బరి, జీడిమామిడి, పనస, మామిడి తోటలు ఇచట దట్టముగా పెరుగును. తోటల నడుమను, పెరళ్లలోను, నూతుల చెంతను వంగ, బెండ, ఆనప, బీర, చిక్కుడు, ములగ, కంద, ఆకుకూరలు పండును. ఒక ప్రక్క తోట, ఒక ప్రక్క సముద్రము ఉన్న సీమ యిది. ఇట్టిచోట నివసించు మనము సయితము, ఎచటనో పండి లారీలమీద దూరము ప్రయాణముచేసి వచ్చిన కాయలను అంగడిలో కొని తెచ్చుకొనుట అలవాటు చేసికొనుచున్నాము.

సంత మనకు క్రొత్తది కాదు. వారమునకొక దినము నియమించుకొని, చుట్టుప్రక్కల పల్లెలవారు తమకు మిగిలినది తెచ్చి అమ్ముకొని, లేనిది కొనుక్కొని పోవు ఏర్పాటు తరతరములనుండి ఉన్నదే. కోటబొమ్మాళి మండలములోని నారాయణవలస సంత పశువుల క్రయవిక్రయములకు ప్రసిద్ధి. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రముగా ఏర్పడి, పాత గంజాం జిల్లా రెండుగా చీలినప్పుడు పటముమీద గీత పడినది గాని, ఇచ్ఛాపురమునకును బరంపురమునకును నడుమ జనుల రాకపోకలు, సరకుల రాకపోకలు ఆగలేదు. బేరమాడుటకు తెలుగు, ఒడియా రెండును పనికివచ్చుచునే యున్నవి.

ఇక ధర సంగతి చూతము. మనము అంగడిలో టమాటాలకు ఒక రూపాయి ఇచ్చినచో, అందులో పండించిన రైతునకు చేరునది ఎంత? రిజర్వు బ్యాంకువారు 2024లో ప్రకటించిన ఒక అధ్యయనము ప్రకారము టమాటాలలో సుమారు 33 పైసలు, ఉల్లిపాయలలో 36 పైసలు, బంగాళాదుంపలలో 37 పైసలు. తక్కిన రెండు పాళ్లు ఏమగుచున్నవి? నడుమనున్న వర్తకులందరును దోచుకొనుచున్నారని కోపగించుకొనుట సులభము; కాని అది పూర్తి సత్యము కాదు. తోటనుండి టోకు మార్కెట్టునకు బండి కిరాయి, ఎత్తుదింపుడు కూలి, దళారి కమీషను, టోకు వర్తకుని లాభము, మరల పట్టణమునకు లారీ కిరాయి, చిల్లర వర్తకుని అంగడి అద్దె, ఇవన్నియు అందులోనివే.

వీనికి తోడు తరుగు కలదు. కోత తరువాత పంటకు కలుగు నష్టమును గూర్చి లూధియానాలోని కేంద్ర పరిశోధన సంస్థవారు 2015లో ప్రకటించిన లెక్కలనుబట్టి, మన దేశమున పండ్లు, కూరగాయలు పంటనుబట్టి 4.58 శాతము మొదలు 15.88 శాతము వరకు పాడగుచున్నవి. టమాటాలో ఆ నష్టము 12.44 శాతము. చిల్లర వర్తకుడు పది కిలోల కాయలు తెచ్చి, అందులో ఒక కిలో కుళ్లినచో, ఆ కిలో వెలను మిగిలిన తొమ్మిది కిలోలమీద వేయక అతనికి తప్పదు. మనము తినని కాయకు కూడ మనమే వెల చెల్లించుచున్నామన్నమాట.

పొలమునకును వంటింటికిని నడుమ దారి తగ్గినచో ఈ ఖర్చులలో పెక్కు వానియంతట అవియే తగ్గును. రైతు టోకున కిలో 20 రూపాయలకు అమ్మిన వంకాయలు అంగడిలో 40 రూపాయలకు దొరకుచున్నవనుకొందము. వానినే రైతు స్వయముగా మనకు 28 రూపాయలకు అమ్మినచో అతనికి 8 రూపాయలు ఎక్కువ వచ్చును, మనకు 12 రూపాయలు మిగులును. ఇందులో మన లాభము రైతు సంచినుండి రాలేదు. రైతు లాభము మన సంచినుండి పోలేదు. రెండును నడుమనున్న దారినుండియే వచ్చినవి. దగ్గరి సంతవలన కలుగు మేలునకు మూలమిదియే. అయితే పొలముపని మాని సంతలో కూర్చున్న పూటకు కూలి, వచ్చిపోవుటకు చార్జీ, ఆ 8 రూపాయలలోనుండియే రైతునకు గిట్టవలెనని మనము మరువరాదు.

ఈ సూత్రమునే ప్రభుత్వములు ఒక క్రమమైన ఏర్పాటుగా మలచినవి. పంజాబులో 1987లో ‘అప్నీ మండీ’ అను పేర రైతులే అమ్ముకొను సంతలు ఆరంభమైనవి. ఆంధ్రప్రదేశమున 1999 జనవరి 26వ తేదీన రైతు బజారులు మొదలైనవి. అదే సంవత్సరము నవంబరు 14వ తేదీన తమిళనాడువారు మదురైలో ‘ఉళవర్ సందై’ని ప్రారంభించిరి. మన రైతు బజారు పద్ధతి ఇట్లుండును. చుట్టుప్రక్కల గ్రామములలో నిజముగా కూరలు పండించువారిని రెవెన్యూ, ఉద్యాన, వ్యవసాయ శాఖల ఉద్యోగులు గుర్తించి, ఫొటోతో కూడిన కార్డులు ఇత్తురు. కార్డు గల రైతు బజారులో కూర్చుండి అమ్ముకొనవచ్చును. దళారికి కమీషను లేదు, మార్కెట్టు రుసుము లేదు. ఉల్లి, బంగాళాదుంప వంటి, ఆ చుట్టుప్రక్కల పండని సరకులను అమ్ముటకు మహిళా సంఘములకు చోటిత్తురు. బజారును చూచుకొనుటకు ఎస్టేటు ఆఫీసరు ఉండును.

ధరను ఏ ఒక్కరును తమ యిష్టము వచ్చినట్లు నిర్ణయింపరు. ఆ ఉదయపు టోకు ధర, ఊరిలోని చిల్లర ధర తెలిసికొని, రైతుల ప్రతినిధులతో కూడి ధర నిర్ణయించి, పలకమీద వ్రాయుదురు. ఆ ధర టోకు ధరకంటె సుమారు 25 శాతము ఎక్కువగాను, చిల్లర ధరకంటె సుమారు 25 శాతము తక్కువగాను ఉండవలెనని నియమము. మనము చెప్పుకొన్న వంకాయలకు ఇది అన్వయించి చూతము. 20 రూపాయలకు నాలుగవ వంతు కలిపినచో 25. 40 రూపాయలలో నాలుగవ వంతు తీసివేసినచో 30. ఈ రెంటి నడుమ ధర నిలుచును. ఒకప్పుడు ఆకాశవాణి చెప్పు ధరవరలను విని పల్లెలలో బేరములు సాగెడివి. ఈ పలకయు అట్టిదే. చదువగలవానికిని చదువనివానికిని ఒకే ధర.

ఇట్టి ఏర్పాటు ఆపద సమయమున కూడ అక్కరకు వచ్చును. 2020లో కరోనా వ్యాధి ప్రబలి జనులు గుమికూడరాదన్నప్పుడు, మన రాష్ట్రమున రైతు బజారులను విడదీసి మైదానములలో, బడుల ఆవరణలలో నడపిరి. 2023 జులైలో టమాటా ధర మిన్నంటినప్పుడు ప్రభుత్వము కాయలను కొని తెప్పించి, రైతు బజారులలో కిలో 50 రూపాయలకు అమ్మించినది. అమ్ముటకొక చోటు, ధర చెప్పుటకొక పద్ధతి ముందుగనే ఉండుటచేతనే ఈ పనులు త్వరగా సాధ్యమైనవి.

ధర తరువాత చెప్పదగినది తాజాతనము. ఆకుకూరలలోని సి విటమిను కోసిన క్షణము మొదలు తరుగుచునే యుండును. వేడిమియు ఎండయు ఆ తరుగుదలను త్వరపరచును. ఉదయము కోసిన తోటకూర మధ్యాహ్నము వండుకొనుటకును, బస్తాలలో మ్రగ్గి రెండవనాడు వచ్చినది వండుకొనుటకును భేదము రుచిలోనే కాక సారములోను కలదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 2024లో వెలువరించిన సూచనలలో, మధ్యరకపు శ్రమచేయు పెద్దవారికి దినమునకు 400 గ్రాముల వరకు కూరలు, 100 గ్రాముల పండ్లు వలయునని చెప్పిరి. మన విస్తరిలో అన్నము ఎంత, కూర ఎంత అని చూచుకొన్నచో ఈ లెక్కకు మనమెంత దూరముననున్నామో తెలియును. కూర చౌకగా, తాజాగా దొరకినప్పుడే విస్తరిలో దాని పాలు పెరుగును.

పండ్ల విషయమును ఇట్టిదే. దూరము పోవలసిన మామిడిని పచ్చిగా కోసి, చేరినచోట మ్రగ్గబెట్టుదురు. అందులకు కాల్షియం కార్బైడు వాడుట ఆరోగ్యమునకు హానికరమగుటచేత చట్టము నిషేధించినది. అయినను దాని వాడుక పూర్తిగా మానలేదు. దగ్గరి తోటనుండి వచ్చు కాయ చెట్టుననే పక్వమునకు వచ్చువరకు ఆగగలదు. గడ్డిలో వేసి మ్రగ్గబెట్టుటకు వలసినంత వ్యవధియు ఉండును.

చేపల సంగతి చెప్పక డొంకూరువంటి తీరగ్రామమును విడువరాదు. చేపకు ప్రయాణము కూరకంటెను ప్రమాదకరము. మనవంటి ఉష్ణదేశమున ఒక కిలో చేపకు ఒక కిలో మంచు వేయవలెనని నిపుణులు చెప్పుదురు. మంచు చాలక వేడిలో నిలిచిన కానాగంతలవంటి చేపలలో హిస్టమిను అను పదార్థము పుట్టును. అది ఉడికించినను పోదు. తిన్నవారికి ముఖము కందుట, దురద, తలనొప్పి కలుగును. ఒడ్డుకు చేరిన పడవనుండి నేరుగా గంపకెత్తుకొని వచ్చు స్త్రీలవద్ద కవళ్లో, నెత్తళ్లో, కానాగంతలో కొనువారికి ఈ భయము తక్కువ. కన్ను మెరయుచు ఉబ్బుగా నుండవలెను. మొప్పలు ఎఱ్ఱగా నుండవలెను. వ్రేలితో నొక్కిన చోట గుంట నిలువరాదు. ఈ మూడు గుర్తులు తెలిసిన గృహిణిని ఎవరును మోసగింపలేరు. తూర్పు తీరమున ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు, చేపలు గ్రుడ్లుపెట్టు కాలమని, యంత్రపు పడవలకు వేట నిషేధము. ఆ దినములలో సముద్రపు చేప తాజాదని ఎవరైన చెప్పినచో ఎచటిదని అడుగుట మంచిది.

దగ్గరిదైనంత మాత్రమున అన్నియు నిర్దోషములని తలపరాదు. సంతలో అమ్మిన వంకాయమీద పురుగుమందు చల్లియుండరాదను నియమమేమియు లేదు. కాని పండించినవారు ఎదుట ఉన్నప్పుడు, మందు ఎప్పుడు చల్లితిరి, కోసి ఎంత కాలమైనదని అడుగవచ్చును. అంగడివానిని అడిగి లాభము లేదు, అతనికిని తెలియదు. అడుగువారుండినచో పండించువారును జాగ్రత్తపడుదురు. ఏదైనను కూరలను మంచినీటిలో బాగుగా కడిగియే వండుకొనవలెను.

అన్ని పంటలకును ఈ మార్గము చెల్లదనుట కూడ సత్యమే. ఉద్దానపు ముఖ్యమైన పంట జీడి. రైతు 80 కిలోల బస్తాల లెక్కన పిక్కలను అమ్మును. ఆ పిక్కలను ఉడికించియో, వేయించియో, పెంకు పగులగొట్టి, ఎండబెట్టి, పొర తీసి, గుండు, బద్ద, ముక్క అని వేరుచేసిన పిమ్మట గాని పప్పు కాదు. పెంకులోని జిగురునూనె చేతులను కాల్చును గనుక ఇది ఇంటిలో చేసికొను పని కాదు. ఒక బస్తా పిక్కలనుండి వచ్చు పప్పు ఇంచుమించు 20 కిలోలే. ఈ పనిని పలాస, కాశీబుగ్గలలోని కర్మాగారములు చేయుచున్నవి. అచట పెక్కుమంది స్త్రీలకు జీవనము దొరకుచున్నది. ఇచట నడిమివాడు వృథా వాడు కాడు. కొబ్బరియు అట్లే. తోటలోని కాయలన్నింటిని చుట్టుప్రక్కల ఊళ్లే తినజాలవు. అవి లారీలమీద ఉత్తరదేశమునకు పోవలసినదే. కావున దగ్గరి సంత పెద్ద వర్తకమునకు బదులుగా వచ్చునది కాదు. కోసినది కోసినట్లే వండుకొను కూరలకు, పండ్లకు, చేపలకు అది తగినచోటు.

అట్లయినచో తోటపంటలపై ఆధారపడిన ఉద్దానపు రైతునకు చిన్న సంతవలన ఏమి ఒరుగునని అడుగవచ్చును. దీనికి సమాధానము ఇటీవలి చరిత్రయే చెప్పుచున్నది. 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను గంటకు 140, 150 కిలోమీటర్ల వేగముతో పలాస సమీపమున తీరము దాటినది. కొబ్బరి, జీడి, పనస చెట్లు తోటలకు తోటలుగా కూలిపోయినవి. నాటురకపు కొబ్బరి మొక్క పాతిన ఆరేడు సంవత్సరములకు గాని కాపునకు రాదు. జీడి అంటుమొక్క మూడవ యేటినుండి కొంచెము కొంచెముగా కాయును. అంతవరకు ఇల్లు గడచుట ఎట్లు? తోటకూర నెల దినములకు కోతకు వచ్చును. బెండ రెండు నెలలలోపల కాయును. ఆనప, బీర, చిక్కుడు ఆ వెనుక వచ్చును. తాతల నాటి చెట్లు పడిపోయినచోట మొక్కలు ఎదుగువరకు, వాని నడుమ వేసిన కూరపాదులే వారము వారము రొక్కము చూపగలవి. కాని ఒక గంపెడు బెండకాయలకు లారీవర్తకుడు రాడు. దానిని కొనువారు సంతలోనే ఉందురు. ఆ సంతకు మనము పోకున్నచో ఆ గంపకు వెల లేదు. వెల లేనిచో పాదు వేయువారు లేరు. ఆ యింటి యువకుడు పనికై దూరదేశమునకు బండి ఎక్కవలసినదే.

మరియొక సంగతి. ఒకే వర్తకునకు అమ్ముకొనవలసిన రైతు అతడు చెప్పిన ధరకు తలవంచవలెను. సంతలో అమ్ముకొను అవకాశము ఉన్నవాడు, ఈ ధర గిట్టదని చెప్పగలడు. పంటలో పదవ వంతే సంతలో అమ్మినను, తక్కిన తొమ్మిది వంతుల బేరములో ఆ మాట బలము పనిచేయును. ఇంటికి రెండవ వాకిలి ఉన్నట్లే ఇది. నిత్యము ఆ దారిని నడువకపోయినను, ఉన్నదనుటలోనే ధైర్యము.

ఇక మనము చేయదగిన పనులను సంగ్రహముగా చెప్పుకొందము. సంతకు వీలైనంత ప్రొద్దుననే పోవలెను. తాజా సరకు అప్పుడే దొరకును. ఈ కూర తినవలెనని ఇంటిలో నిశ్చయించుకొని పోవుటకంటె, ఆ దినము ఏది సమృద్ధిగా వచ్చినదో చూచి దానిని కొనుట చౌక. పనసకాలమున పనసపొట్టు కూర, ములగకాలమున ములగకాడల పులుసు చేసికొన్నచో ఋతువునకు తగిన ఆహారమును తిన్నట్లగును, వ్యయమును తగ్గును. ధరల పలక ఉన్నచోట దానిని చదివి, ఆ ధరయే ఇయ్యవలెను. ప్రభుత్వ ముద్రగల తూకపు రాళ్లు, కాటాలు వాడుచున్నారో లేదో చూచుట మన హక్కు. అట్లు చూచుట అమ్మువారిని అవమానించుట కాదు. గుడ్డసంచిని ఇంటినుండియే తీసికొనిపోవలెను. చిల్లర సిద్ధముగా ఉంచుకొన్నచో ఇరువురికిని కాలము కలిసివచ్చును.

అమ్మువారు నిజముగా పండించినవారో కాదో తెలిసికొనుట కూడ అవసరమే. రైతుల పేర వర్తకులు వచ్చి కూర్చుండుట అక్కడక్కడ జరుగుచున్నది. మీ ఊరేది, ఎన్ని సెంట్లు వేసితిరి, ఇంకను ఎన్ని కోతలు వచ్చునని రెండు మాటలు అడిగినచో సంగతి తెలిసిపోవును. ఇసుకనేల ఉద్దానమున పండినవని ఎవరైన క్యారెట్లను, కోసుకూరను చూపినచో సందేహింపవలసినదే.

కడపటిది బేరము. పెద్ద అంగడిలో చీటిమీద వ్రాసిన ధరను మారుమాటాడక చెల్లించు మనము, గంప ముందర కూర్చున్న ముసలమ్మ వద్ద రెండు రూపాయలకై పోరాడుదుము. వెలుగురాకముందే కోసి, మోసి తెచ్చిన సరకు ప్రొద్దువాలినచో వాడిపోవునని ఆమెకు తెలియును, మనకును తెలియును. ఆ అవసరమును చూచి ధర దింపుట బేరము కాదు. అంగడికంటె నాలుగవ వంతు తక్కువకు, అంతకంటె తాజాగా దొరకుచున్నప్పుడు మన లాభము మనకు ముందే వచ్చినది. రైతునకు గిట్టుబాటైనచో వచ్చే వారము మరల గంప ఎత్తుకొని వచ్చును. గిట్టనిచో సంతలో ఆ చోటు ఖాళీగా ఉండును. మనమును అంగడికే పోవుదుము, అంగడివాడు చెప్పిన ధరయే ఇత్తుము.

కావున వారమునకొక దినమైనను ఇంటిలో ఒకరు దగ్గరి సంతకో, రైతు బజారుకో పోవు అలవాటు చేసికొందము. పిల్లలను కూడ వెంటబెట్టుకొని పోవుట మంచిది. ఏ కాయ ఏ నెలలో వచ్చును, ఏ ఊరి నేల ఏమి పండించును, చేపను ఎట్లు చూచి కొనవలెను అను చదువు వారికి అచట ఉచితముగా దొరకును. మన విస్తరిలో కూర పెరుగును. ఆ కూర పండించిన ఇంటిలో దీపము వెలుగును.